బ్రౌన్ పేపరు అట్టలో మేక

మా ఇంట్లో ఒక బీరువా నిండా నేను చదవలేని పుస్తకాలున్నాయి. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో అయ్యోపాపం అన్న చూపు కనిపిస్తుంది, నాకు ఒళ్లు మండుతుంది. నాకు చదువు లేక కాదు. అవన్నీ పరాయి దేశాల భాషల్లో అచ్చయిన బొమ్మల కథల పుస్తకాలు. కోరి పోగేసుకున్నవి. నాకొచ్చినవి తెలుగు, ఆఫీసు గడవడానికి సరిపడా ఇంగ్లీషు, సినిమా అర్థమయ్యేటంత అరవం. బీరువాలో ఈ మూడింటిలోనూ ఒక్క పుస్తకం లేదు.

మాది ముత్తుకూరు. నాన్న రేవుకొచ్చే ఓడలకు కూరగాయలు, గుడ్లు, కోళ్లు, బియ్యం వేస్తాడు. నేను బడికి పోయే రోజుల్లో ఒక ఓడ వంటాయన నాన్న క్యారియరులోని ఆవకాయ రుచి చూసి, బొటబొటా కన్నీళ్లు కార్చి, మళ్లీ వేయించుకుని, బదులు ఏమివ్వాలో తోచక చేతికందిన బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చి పంపాడట. ఓడల్లో భోజనాల గది పక్కన ఒక అర ఉంటుంది. పనివాళ్లు చదివేసిన పుస్తకాలు అందులో పడేసి పోతుంటారు. ఆ సంగతి కనిపెట్టాక నాన్న ఏ ఓడ ఎక్కినా సంకలో ఒక జాడీ ఉండేది. ఆవకాయ పైకి పోయేది, పుస్తకం కిందికి వచ్చేది.

"మామిడికాయలన్నీ సముద్రం పాలైతే ఇంట్లో మనుషులు ఏం తినాల?" అని అమ్మ ప్రతి వేసవికీ ఎగిరేది. అని, మరుసటి ఏడు ఇంకో జాడీ ఎక్కువ పెట్టేది.

ఆ మొదటి పుస్తకంలో టోపీ పెట్టుకున్న ఒక లావుపాటి మనిషి, భుజాన సంచీ, వెనకాలే ఒక మేక. అతను ఇంటింటికీ పోయి కాగితం ఇస్తాడు. కొందరు ఏడుస్తారు, కొందరు తలుపు ధడాలున వేస్తారు, కొందరు అతన్ని చీపురుతో తరుముతారు. సందు దొరికినప్పుడల్లా మేక కాగితాలు నమిలేస్తుంది. ఇంకేముంది, పోస్టుమ్యాన్ అని తేల్చేశాను. మరుసటేడు వేరే దేశం ఓడలోంచి నాన్న తెచ్చిన పుస్తకం తెరిస్తే మళ్లీ అదే లావుపాటి మనిషి, అదే మేక! అక్షరాలు మాత్రం వేరు. నాకు దిమ్మ తిరిగింది. నేను ముత్తుకూరు దాటి నెల్లూరు పోవాలంటే అమ్మకి సవాలక్ష చెప్పాలి, ఈ మేక మాత్రం లోకమంతా చుట్టేస్తోంది.

అక్కడినుంచి పిచ్చి పట్టింది. ఒకే కథ రెండు భాషల్లో దొరికితే పక్కపక్కన పరిచి గంటలకొద్దీ చూసేదాన్ని. మనిషి కిందపడితే ఒక్కో భాషలో ఒక్కో అరుపు, తలుపు మూసుకుంటే ఒక్కో చప్పుడు. మేక మాత్రం, నేను కూడబలుక్కోగలిగిన అక్షరాలున్నంత వరకూ, ఏ దేశంలోనైనా ఇంచుమించు మే అనో బే అనో అంటుంది. ఎంత మర్యాదగల జంతువో చూడండి. ఉద్యోగంలో చేరి, రేవు పక్కన ఒక షిప్పింగ్ ఆఫీసులో బిల్లులు టైపు చేయడం మొదలెట్టాక నాకూ ఓడలవాళ్లు నలుగురు పరిచయమయ్యారు. పుస్తకాలు ఇంకా పెరిగాయి.

ఫోనుతో ఫొటో తీస్తే అదే అర్థం చెప్తుంది కదా, అని నన్ను అడగని మనిషి లేడు. చెప్తుంది, నాకూ తెలుసు. నేనే చెప్పనివ్వలేదు. ఇన్నేళ్లుగా ప్రతి బొమ్మకీ నేనొక మాట అల్లుకున్నాను. ఆ పోస్టుమ్యాన్‌కి మా చిన్నాన్న గొంతు ఇచ్చాను. మేకకు మా పక్కింటామె బుద్ధులు పెట్టాను. ఫోను వచ్చి అసలు మాట చెప్పేస్తే నాది ఏమైపోవాలి? ఇది చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పేదాన్ని కాదు. "నా ఇష్టం" అనేదాన్ని. దాంతో పొగరుబోతు అన్న పేరొచ్చింది, అదీ మంచికే.

మంచికే అనుకున్నది సంబంధాలు చూడటం మొదలెట్టేదాకానే. వచ్చినవాళ్లు వచ్చినట్టు బీరువా చూసి జడుసుకుని పోయారు. ఒకామె "ఇవన్నీ నీకు పుట్టబోయే బిడ్డలకా?" అని ఆశగా అడిగింది. నాకేనండీ అన్నాను. ఆవిడ మలైకాజా ముక్క చేతిలోంచి ప్లేటులో పెట్టేసింది. ఇంకొకాయన ఆ బీరువా లేకుండా అయితే అభ్యంతరం లేదన్నాడు. అతను లేకుండా నాకూ అభ్యంతరం లేదని చెప్పమన్నాను. నాన్న అది చెప్పలేదుగానీ ఆ సంబంధం అట్లాగే పోయింది.

ఇట్లా ఉండగా సూళ్లూరుపేట సంబంధం వచ్చింది. అబ్బాయి మా దగ్గరే థర్మల్ ప్లాంటులో ఇంజినీరు. మధ్యవర్తి ఇద్దరికీ నంబర్లు ఇచ్చాడు. మొదటిరోజే బీరువా సంగతీ మేక సంగతీ చెప్పేశాను, పోతే పోనీలే అని. అటునుంచి, "నేను వచ్చినప్పుడు ఆ మేకను చూపిస్తారా?" అని మెసేజి వచ్చింది. దాచేదేముంది, నాకు ఆ మనిషి నచ్చాడు. ఈ సంబంధం తప్పిపోతే ఇంకొకటి చూడొద్దని అమ్మతో చెప్పాను కూడా. అయితే ఆ ఇంట్లో మాట చెల్లేది తల్లిదని, ఆమె ఊ అంటేనే ఏదైనా అని మధ్యవర్తి ముందే చెప్పాడు.

మా మేనత్తకు ఆ మాట చాలు. నాన్నకు అక్క ఆమె, మా వీధి చివరే ఇల్లు, మా ఇంటి పెత్తనమంతా ఆమెదే. పెళ్లిచూపులకు వారం ముందు అబ్బాయి తల్లి ఫోను చేసి, అమ్మాయికి పుస్తకాల అలవాటట కదా, ఏం పుస్తకాలు, అని అడిగిందట. బొమ్మలవి అని చెప్తే ఈ సంబంధమూ పోతుందని మేనత్త గుండె గుభేలుమంది. నోరు మాత్రం తడబడలేదు.

"అన్ని దేశాల భాషలవీ చదువుతాదమ్మా మా పాప. ఎన్ని భాషలొచ్చో మాకే లెక్క తెలీదు" అని చెప్పేసింది.

అంతటితో ఆగితే మా మేనత్త ఎందుకవుతుంది? పెళ్లిచూపుల రోజు పొద్దున నేను జడ వేయించుకుని, చీర కట్టించుకుని ముందుగదిలోకి వచ్చేసరికి గాజు తలుపుల షోకేసులోంచి డిన్నర్ సెట్టూ కొండపల్లి బొమ్మలూ మాయమయ్యాయి. వాటి స్థానంలో నా పుస్తకాలు! ఒక్కోదానికీ బడిపిల్లల పుస్తకాలకు వేసినట్టు బ్రౌన్ పేపరు అట్టలు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు అమ్మా, మేనత్తా కింద కూర్చుని రెండ్రోజులు ఇదే పని చేశారట. ప్రతి అట్ట మీదా ఒక లేబులు. పేరు అన్నచోట నా పేరు. క్లాసు అన్నచోట గీత కొట్టేశారు. సబ్జెక్టు అన్నచోట అమ్మ ముత్యాల్లాంటి చేతిరాతలో జర్మను, ఫ్రెంచి, జపాను, రష్యా అని రాసి పెట్టింది.

"ఏది ఏ భాషో మీకెట్టా తెలిసింది?" అని అడిగాను.

"తెలిసేదానికి ఏముంది? అక్షరాలు చూసి అనుకున్నాము" అన్నది అమ్మ.

"ఎవురు తెరిచి చూస్తారే?" అన్నది మేనత్త. "పెళ్లిచూపులకొచ్చినోళ్లు పిల్లను చూస్తారు, ఇల్లు చూస్తారు, పొయ్యేటప్పుడు మరుగుదొడ్డి యాడుందో చూస్తారు. పుస్తకం తెరిచినోడిని నేను పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు. నువ్వు నోరు మూసుకుని కాఫీ తెచ్చివ్వు, చాలు."

తిట్టడానికి నోరు తెరిచాను. వీధిలో కారు ఆగింది.

వచ్చింది ముగ్గురు. అబ్బాయి ఫొటోలో కంటే నల్లగా, ఫొటోలో కంటే బాగున్నాడు. తల్లి సన్నగా, నిటారుగా కూర్చుని, అడిగినదానికి తల ఊపడం తప్ప మాట్లాడని మనిషి. తండ్రి రాకెట్ కేంద్రంలో పనిచేసి రిటైరైనాయన. వాళ్లకు కాఫీలిచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. వానల గురించి, రొయ్యల ధర గురించి, మద్రాసు రైలు రద్దీ గురించి మాటలయ్యాయి. మేనత్త నా వైపు చూసి, చూశావా నేను చెప్పలా అన్నట్టు కళ్లెగరేసింది.

సరిగ్గా అప్పుడు ఆ పెద్దాయన లేచి షోకేసు దగ్గరికి పోయాడు.

"ఇవేనా అమ్మాయి పుస్తకాలు? చూడొచ్చునా?" అని, ఎవరూ అవుననక ముందే తలుపు జరిపి ఒకటి తీశాడు. అట్ట మీద జర్మను అని ఉంది. తెరిచాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. ఆయన ముఖం విప్పారింది.

"ఇది జర్మను కాదమ్మా, ఫ్రెంచి!" అన్నాడు. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పనిమీద ఫ్రాన్సు పోయి అక్కడ కొన్నేళ్లుండినా. ఎన్నాళ్లయిందో ఈ అక్షరాలు చూసి! రామ్మా, ఇట్టా కూర్చో. నువ్వొక పేజీ చదువు, నేనొక పేజీ చదువుతా."

మేనత్త "కాఫీ ఇంకొంచెం పోయిస్తానన్నా" అంటూ ఉన్నట్టుండి లేచింది. అమ్మ చూపు నేలలో దిగిపోయింది. నాన్న దగ్గాడు. ఏ అబద్ధం చెప్పినా ఇంకో అబద్ధం కావాలి, అదీ ఫ్రెంచిలో కావాలి. అబ్బాయి వైపు చూశాను. అతను నన్నే చూస్తున్నాడు. అయిపోయింది, ఈ సంబంధం అయిపోయింది అనుకున్నాను. అనుకున్నాక ఎక్కడలేని తెగింపు వచ్చింది.

"నాకు ఫ్రెంచి రాదండీ" అన్నాను. "వీటిలో ఏదీ రాదు. ఇవన్నీ బొమ్మల కథలు. ఈ అట్టలు నేను ఆఫీసుకు పోయినప్పుడు వేశారు. నేను బొమ్మలు చూసి కథ అల్లుకుంటాను. ఇందులో ఆ టోపీ ఆయన పోస్టుమ్యాను. మేక ఉత్తరాలు తినేస్తుంది."

పెద్దాయన పేజీలు తిప్పాడు. వెనక్కి తిప్పాడు. పాపం, ఆయన ముఖంలో కోపం లేదు. లెక్క తప్పు చేసిన పిల్లను చూసి బాధపడే మాస్టారులా ఉన్నాడు.

"పోస్టుమ్యాన్ కాదు తల్లీ" అన్నాడు. "కరెంటు మీటరు చూసి బిల్లు కొట్టేవాడు."

అబ్బాయి గుటక వేస్తున్న కాఫీ ముక్కులోకి పోయింది. నవ్వు ఆపుకోలేక జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. పదిహేనేళ్లకు పైగా నేను ఉత్తరాలనుకున్నవన్నీ కరెంటు బిల్లులు. ఏడ్చినవాళ్లందరూ బిల్లు చూసి ఏడ్చినవాళ్లు. చీపురు తిరగేసినవాళ్ల సంగతి ఇప్పుడు బాగా అర్థమైంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అందరి ముందూ చీర కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. మా మేనత్త అది చూసి, నేను పరువు పోయినందుకు ఏడుస్తున్నాననుకుని, "ఊరుకో పాపా, తప్పు నాది" అని ముక్కు చీదింది.

పెద్దాయన ఇవేవీ పట్టించుకోలేదు. దొరక్క దొరికిన ఫ్రెంచిని వదులుతాడా? చివరి పేజీలు తీసి తెలుగులో చెప్పడం మొదలెట్టాడు. ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. ఆమెకు పెద్ద బిల్లు వస్తుంది, కట్టకపోతే కరెంటు తీసేస్తామని అందులో ఉంటుంది. మేక దాన్ని కాస్తా నమిలేస్తుంది. ముసలామె సంతోషం పట్టలేక మేకను వాటేసుకుంటుంది. అంతే కథ.

ఆయన పుస్తకం మూశాడు. అంతవరకూ నోరు విప్పని అబ్బాయి తల్లి నా వైపు తిరిగింది.

"నీ కథలో ముసలామె మేకను ఎందుకు వాటేసుకుంటాది?" అని అడిగింది.

ఎగతాళికి అడుగుతోందో ఏమో తెలియలేదు. అయినా చెప్పాను. ముసలామె కొడుకు ఓడలో పనికి పోయాడు. చాలాకాలానికి ఉత్తరం వచ్చింది. ఆమె తెరిచేలోపే మేక మింగేసింది. పోస్టుమ్యాన్ తల బాదుకున్నాడు. ఆమె ఒక్క మాట అనలేదు. కొడుకు రాసినదంతా ఇప్పుడు దాని కడుపులో ఉంది కదా, అందుకని మేకను వాటేసుకుంది.

అబ్బాయి తల్లి లేచింది. భర్త చేతిలోని పుస్తకం తీసుకుని ఆ బొమ్మ కాసేపు చూసి, షోకేసులో పెట్టేసింది. "ఇంటికి పొయ్యి ఫోన్ చేస్తామండీ" అన్నది నాన్నతో.

మా వైపు ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. నచ్చితే అక్కడే తాంబూలం సంగతి ఎత్తుతారు. ఇంటికి పోయి ఫోన్ చేస్తామన్నవాళ్లు చేయగా మా ఇంట్లో ఎవరూ వినలేదు. అబ్బాయి గుమ్మంలో ఆగి ఏదో అనబోయాడు. వాళ్లమ్మ కారు ఎక్కి కూర్చుంది, అతనూ పోయాడు.

మధ్యాహ్నమంతా నేను కింద కూర్చుని అట్టలు ఊడదీస్తున్నాను. మేనత్త ఎదురుగా కూర్చుని తనూ ఊడదీయబోయింది. ఆమె చేయి నెట్టేశాను. నాకు అబ్బాయి పోయినందుకు ఏడుపు ఒక పక్క, పోస్టుమ్యాన్ పోయినందుకు ఇంకో పక్క. ఏ పుస్తకం తెరిచినా ఆ లావుపాటి మనిషి మీటరు వైపే చూస్తున్నట్టు కనిపించాడు. అన్ని పుస్తకాల్లోనూ గోడకు ఆ డబ్బా ఉంది. ఇన్నేళ్లూ దాన్ని పోస్టుడబ్బా అనుకున్నాను.

సాయంత్రం దీపాలు పెట్టేవేళ అమ్మ ఫోను మోగింది. సూళ్లూరుపేట! అమ్మ నాన్నకిచ్చింది. నాన్న నిలబడి "చెప్పండమ్మా" అన్నాడు. విన్నాడు. అయోమయంగా ముఖం పెట్టి ఫోను నా చేతికిచ్చాడు. "నీతో మాట్లాడతాదంట" అన్నాడు.

నేను హలో అన్నానో లేదో, "ఆ మేకను ఆమె తిరిగి పంపించేసిందా?" అని అడిగింది అబ్బాయి తల్లి. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఏ మేకనండీ?"

"అదేమ్మా, నీ ముసలామె. కొడుకు ఉత్తరం దాని కడుపులో ఉండె గదా. ఆ పోస్టుమ్యాన్ వాడి దోవన వాడు మేకను తోలుకోని పొయ్యినాడా? ఆమె ఎట్టా పోనిచ్చింది? కార్లో వచ్చినంత దూరమూ నాకు అదే ఆలోచన."

నేను ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. బొమ్మల్లో అక్కడితో అయిపోతుంది. అమ్మ, నాన్న, మేనత్త నా చుట్టూ చేరి నా నోటివైపే చూస్తున్నారు. తాంబూలాల మాట ఏమైనా వస్తోందా అని మేనత్త సైగలు చేస్తోంది.

"పోనియ్యలేదండీ" అన్నాను. "చీకటి పడిందని చెప్పి ఇద్దర్నీ ఆపేసింది. మేకకు గడ్డి వేసింది. పోస్టుమ్యాన్‌కు అన్నం పెట్టి, నువ్వు కొంచెమైనా చూసుంటావు కదా, ఏం రాసుందో చెప్పు అని కూర్చోబెట్టింది."

మేనత్త నెత్తిన చేయి పెట్టుకుంది. నేను ఆగలేదు. పోస్టుమ్యాన్ ఏం చెప్పాడో, కొడుకు ఏ రేవులో ఏం కొన్నాడో, ముసలామె నడుమ నడుమ ఏం అడ్డుపడిందో, నోటికొచ్చినట్టు చెప్పుకుంటూ పోయాను. పొద్దున పోయిన పోస్టుమ్యాన్ మళ్లీ మా చిన్నాన్న గొంతుతో లేచి వచ్చాడు. అవతల ఆమె "ఊ" కొడుతోంది. ఒకచోట పకపకా నవ్వింది. పొద్దున మా ఇంట్లో నిటారుగా కూర్చున్న మనిషేనా అనిపించింది.

కథ అయిపోయింది.

"మా ఆయన మంచోడమ్మా" అన్నది. "అయితే ఏదైనా ఉండేది ఉన్నట్టు చదివేస్తాడు. కరెంటు బిల్లంటే కరెంటు బిల్లే. మావాడూ తండ్రి పోలికే, మేకను చూసి నవ్వను నేర్చినాడు గానీ అల్లడం రాదు. పెళ్లయిన కాణ్ణించి ఈ ఇంట్లో లేనిదాన్ని ఉన్నట్టు మాట్లాడుకోవాలంటే నాకు ఒక మనిషి లేదు. నువ్వు వస్తావా?"

ఇన్ని పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందన్నారు, నచ్చలేదన్నారు, ఆలోచిస్తామన్నారు. వస్తావా అని ఎవరూ అడగలేదు.

"వస్తానండీ" అన్నాను.

ఫోను పెట్టేసి అక్కడే కూర్చుండిపోయాను. కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి. మేనత్త నన్ను భుజాలు పట్టి కుదిపింది.

"ఏందే? ఏమన్నది? కాదన్నదా? ఎందుకు ఏడుస్తా ఉండావు?"

"వస్తావా అని అడిగిందత్తా" అన్నాను. "నన్నే అడిగింది."